ఊరుమ్మడి చిత్రములు – చౌక వర్తకులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమున ఏ పాత పుస్తకము తెరచినను ముఖపత్రమునకు వెనుకవైపున ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాటలు చిన్న అక్షరములతో కనబడుట కలదు. చదువరులు సాధారణముగా వానిని దాటి కథలోనికి పోవుదురు. పుస్తకమునకు వెల చెల్లించినవాడు ఆ కాగితమునకు, అట్టకు యజమాని యగునే గాని లోపలి వాక్యములకు కాడని వాని భావము. ఆ వాక్యములను మరల అచ్చువేసి అమ్ముకొను హక్కు గ్రంథకర్తదో, ప్రచురణకర్తదో అయి యుండును. అయితే ఈ హక్కు పొలము పట్టావలె తాతనుండి మనుమనికి, మనుమనినుండి మునిమనుమనికి ఎడతెగక దిగివచ్చునది కాదు. దానికొక గడువు కలదు. గడువు తీరిన నాటినుండి ఆ వ్రాత ఊరుమ్మడి చెరువు వంటిది. ఎవరు వచ్చి కడవ ముంచుకొన్నను వలదనువారు లేరు.

భారతదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము గ్రంథకర్త జీవితకాలమునకు పైన 50 సంవత్సరముల గడువు నిచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు 1941లో గతించెను గనుక ఆయన రచనలపై హక్కు 1991తో ముగియవలసి యుండెను. ఆ సమయముననే గడువును 60 సంవత్సరములకు పెంచిరి. చలనచిత్రములకు, గ్రామఫోను రికార్డులకు మాత్రము మరణముతో పనిలేదు; అవి విడుదలయిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు లెక్కింపవలెను.

ఈ ఉమ్మడి చెరువు నీటిని సీసాల కెత్తి, చీటీ అంటించి, చౌక ధరకు అమ్మి బ్రతికిన వర్తకులు అమెరికాలో అనేకులుండిరి. వారు చేసినది ఉపకారమా, అపహరణమా అను ప్రశ్న ఆ దేశపు సుప్రీంకోర్టు వరకు పోయినది. ఆ వ్యాజ్యమును తెలిసికొనుటకు ముందు, అక్కడి చిత్రములు అన్ని వందలుగా ఉమ్మడిలో ఎట్లు పడినవో తెలియవలెను.

అమెరికాలో 1909 నాటి చట్టము ప్రకారము హక్కు మొదట 28 సంవత్సరములు మాత్రమే నిలుచును. ఇరువది యెనిమిదవ యేట హక్కుదారు అర్జీ పెట్టుకొని రిజిస్టరు చేయించుకొన్నచో ఇంకొక 28 సంవత్సరములు దొరకును. అర్జీ పెట్టనిచో అంతటితో సరి. కౌలు కాగితము తిరుగవ్రాయించుకొనుట మరచిన రైతు గతియే హక్కుదారునిదియు. మరచినవారు కొద్దిమందియా? 1960 ప్రాంతమున ఆ దేశపు కాపీరైటు కార్యాలయమువారు లెక్కతీయగా, రిజిస్టరయిన వానిలో నూటికి 15 కంటె తక్కువ మాత్రమే రెండవ గడువునకు వచ్చినవని తేలినది. చిత్రనిర్మాతల దృష్టిలో ఒకసారి సినిమాహాళ్లలో ఆడి దిగిపోయిన చిత్రము పిప్పి వంటిది. ఇరువది యెనిమిది ఏండ్ల తరువాత దానిని ఇంటింట చూచెదరని ఎవరు కలగనిరి?

అర్జీ మరచుట ఒక త్రోవ. చిత్రముపై హక్కు ప్రకటన వేయుటయే మరచుట రెండవ త్రోవ. 1968లో జార్జి రొమెరో అను యువకుడు పిట్స్‌బర్గు ప్రాంతమున తన మిత్రులతో కలిసి స్వల్పమైన పెట్టుబడితో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అను భయానక చిత్రము తీసెను. దానికి మొదట పెట్టిన పేరు వేరు. పంపిణీదారులు పేరు మార్చి కొత్త టైటిలు కార్డు చేయించిరి. పాత కార్డుపై నున్న కాపీరైటు గుర్తు కొత్తదానిపైకి ఎక్కలేదు. ఆనాటి చట్టములో గుర్తు లేనిదే హక్కు లేదు. ప్రపంచమంతయు చూచిన ఆ చిత్రమును ఎవరికి వారు నకళ్లు తీసి అమ్ముకొనిరి. దానిని కన్నవారికి ఆ అమ్మకములనుండి న్యాయముగా రావలసిన భాగము రాలేదు. ఒక్క గీత పొరపాటునకు అంత శిక్ష తగునా అని యడిగినచో, తగదనియే చెప్పవలెను.

కాని అదే ఉమ్మడితనము ఇంకొక చిత్రమునకు ప్రాణము పోసినది. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అను చిత్రము విడుదలలో పెట్టుబడిని రాబట్టలేకపోయినది. చిన్న ఊరిలో అప్పులిచ్చు సంఘము నడుపుచు, పదిమందికి ఇండ్లు కట్టుకొన సాయపడి, తాను మునిగిపోయి, చావబోయిన ఒక గృహస్థుని కథ అది. 1974లో దాని రెండవ గడువునకు ఎవరును అర్జీ పెట్టలేదు. రుసుము చెల్లింపనక్కరలేదని తెలిసి టెలివిజను కేంద్రములవారు క్రిస్మసు దినములలో దానిని మరల మరల ప్రసారము చేసిరి. మూడు దశాబ్దములు అటకమీద పడియున్న చిత్రము ఇంటిల్లిపాదికి పండుగ ముచ్చటగా మారినది. ఎవరి సొత్తును కానందుననే అది అందరికిని ప్రియమైనది.

కథ అంతటితో ఆగలేదు. ఆ చిత్రమునకు మూలము ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ వ్రాసిన ఒక చిన్నకథ. చిత్రముపై హక్కు పోయినను, మూలకథపై హక్కు పోలేదు. సినిమా ఉమ్మడిదైనను దానిలోని కథకు యజమాని యున్నాడు. 1990లో వేరొక చిత్రము విషయమున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇటువంటి వాదమునకు బలము చేకూర్చగా, 1993లో రిపబ్లిక్ పిక్చర్సు అను సంస్థ కథపైని, సంగీతముపైని హక్కులను చూపి టెలివిజను కేంద్రముల నన్నిటిని ఆపివేసినది. మరుసటి సంవత్సరమునుండి ఒక్క సంస్థకే ప్రసారపు హక్కు దక్కినది. తోపులోని చెట్లు ఊరివే. చెట్ల క్రింది నేల మాత్రము ఒకరి పట్టా. కాయలు కోయబోయినవాడు నేలమీద కాలు మోపకుండ కోయవలెను! ఈ చిక్కును శ్రోతలు మనస్సున నుంచుకొందురు గాక. ఇది మరల ఎదురగును.

1980 తరువాత ఇంటింట వీడియో యంత్రములు వెలసినప్పుడు చౌక వర్తకులకు మంచిరోజులు వచ్చినవి. వారి మర్మము సులభము. హక్కునకు సొమ్ము చెల్లింపనక్కర లేదు. నటులకు, రచయితలకు భాగమీయ నక్కర లేదు. ఒక ప్రతి సంపాదించి నకళ్లు తీయుటయే పని. టేపులో కూడ పొదుపు చేసిరి. రెండుగంటల టేపును మందగతితో నడిపినచో ఆరుగంటల చిత్రము పట్టును. అనగా రెండుగంటల చిత్రమునకు మూడవవంతు టేపు చాలును. బొమ్మ మాత్రము మసకగా, మాట ముక్కుతో పలికినట్లుగా వచ్చును. నకలుకు నకలు, దానికి మరల నకలు తీసి అమ్మినవారును కలరు. అయినను ఊరి చివర దుకాణములో సబ్బులప్రక్కన, బిస్కత్తులప్రక్కన కొలది డాలర్లకు దొరికిన ఆ క్యాసెట్టు, వేరొక విధముగా పాత చిత్రమును చూడజాలని గృహములకు చేరినది. మసకబొమ్మయేని బొమ్మయే గదా. పెద్ద కంపెనీలు తమ గిడ్డంగులలో కుళ్లనిచ్చిన చిత్రములను కొన్నిటిని ఈ చిల్లర వర్తకులే బ్రతికించిరనుటలో అతిశయోక్తి లేదు.

పాటల విషయమున దారి వేరు. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు పూర్వపు ధ్వనిముద్రణలు కేంద్ర చట్టము క్రిందికే రాక, ఒక్కొక్క రాష్ట్రపు న్యాయమును బట్టి బహుకాలము బందీలై యుండినవి. 2018లో చేసిన చట్టము మూలమున, 1923కు ముందటి రికార్డులు 2022 జనవరి 1న గాని ఉమ్మడిలోనికి రాలేదు. నూరేండ్ల నాటి గాయకుని గొంతు అతని మునిమనుమల కాలమున విడుదలయినది!

ఇక ముఖ్యమైన వ్యాజ్యము. డాస్టార్ కార్పొరేషను అను సంస్థ మొదట సంగీతపు డిస్కులను అమ్ముచుండెను. 1995లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసి 50 సంవత్సరములు నిండుచున్నందున, యుద్ధ చిత్రములకు గిరాకి వచ్చునని తలచి వీడియో వ్యాపారమునకు దిగెను. వారికి దొరకిన సరకు ‘క్రూసేడ్ ఇన్ యూరప్’ అను 26 భాగముల టెలివిజను ధారావాహిక. యుద్ధమున మిత్రరాజ్యముల సేనలకు అధిపతియై, పిమ్మట అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవరు 1948లో ప్రకటించిన గ్రంథము దానికి మూలము. 1959 డిసెంబరులో భారతదేశమునకు వచ్చిన ఐసెన్‌హోవరు ఈయనయే. గ్రంథమును డబుల్‌డే సంస్థ ప్రచురించెను. టెలివిజను హక్కులు ఫాక్సు చిత్రసంస్థ పక్షమునకు వచ్చెను. ఫాక్సు తరపున టైం సంస్థ ధారావాహికను తయారుచేసెను. 1949లో అది ప్రసారమయ్యెను.

గ్రంథముపై హక్కును డబుల్‌డేవారు 1975లో జాగ్రత్తగా తిరుగవ్రాయించుకొనిరి. ధారావాహికకు ఫాక్సువారు అర్జీ పెట్టలేదు. 1977తో దానిపై హక్కు పోయెను. తరువాత 1988లో ఫాక్సు గ్రంథము మీది టెలివిజను హక్కులను మరల సంపాదించి, ఆ ధారావాహికను వీడియోగా అమ్ముకొను హక్కును వేరు సంస్థల కిచ్చెను. వారు పాత నెగెటివులను బాగుచేయించి, క్యాసెట్లు తీసి అమ్ముచుండిరి.

డాస్టార్‌వారు పాత ధారావాహికకు చెందిన ఎనిమిది టేపులను కొనిరి. వానిని సగమునకు కొంచె మెక్కువగా ఉండునట్లు కుదించిరి. మొదటి దృశ్యము మార్చిరి, చివర మార్చిరి, అధ్యాయములకు కొత్త శీర్షికలు పెట్టిరి. ఐసెన్‌హోవరు గ్రంథము బొమ్మ గాని, పేరు గాని ఎక్కడను లేకుండ తీసివేసిరి. ‘వరల్డ్ వార్ టూ కాంపెయిన్స్ ఇన్ యూరప్’ అని నామకరణము చేసిరి. నిర్మాత, సహనిర్మాత అని తెరపై తమ ఉద్యోగుల పేర్లు వేసిరి. పాత ధారావాహిక ప్రస్తావన మచ్చునకైన లేదు. పెట్టె ఒక్కింటికి 25 డాలర్లు. బాగుచేయించిన అసలు పెట్టె వెలకంటె చాల తక్కువ.

1998లో ఫాక్సు పక్షమువారు దావా వేసిరి. గ్రంథముపై హక్కునకు భంగమనునది ఒక ఆరోపణ. రెండవది చిత్రమైనది. సాధారణముగా వర్తకుడు తన నాసి నెయ్యికి పేరుపడిన నెయ్యి చీటీ అంటించి మోసము చేయును. ఇక్కడ తలక్రిందులు: పరుల నెయ్యి తెచ్చి, వారి చీటీ చించి, తన చీటీ అంటించినాడని వాదము. వ్యాపార చిహ్నములకు సంబంధించిన 1946 నాటి చట్టము దీనిని నిషేధించునని వారు పలికిరి. జిల్లాకోర్టు వారి పక్షమున తీర్పుచెప్పి, డాస్టార్ లాభమునకు రెట్టింపు చెల్లింపుమనెను. అప్పీలు కోర్టు రెండవ ఆరోపణను సమర్థించెను. గ్రంథము సంగతి మరల విచారింపుమనెను.

వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోగా, 2003 జూన్ 2న తీర్పు వచ్చినది. ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఏకముఖముగా డాస్టార్ పక్షమున నిలిచిరి. ఒకరు విచారణలో పాల్గొనలేదు. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి స్కలియా. సరకునకు మూలమెవరని చిహ్నముల చట్టము అడుగునప్పుడు, చేతికి వచ్చిన క్యాసెట్టును తయారుచేసిన వారెవరని దాని అర్థమే గాని, అందులోని భావమునకు కర్త యెవరని కాదనిరి. క్యాసెట్టును చేసినది డాస్టారే. గడువు తీరిన కృతిని ఎవరైనను, ఎవరి పేరును చెప్పకయే వాడుకొనవచ్చును. పేరు చెప్పి తీరవలెనని చిహ్నముల చట్టము పేర నిర్బంధించినచో, ఒక ద్వారమున ముగిసిన హక్కు ఇంకొక ద్వారమున శాశ్వతమై లోపలికి వచ్చునని వారి భయము. పేరు చెప్పినను చిక్కే: ఫాక్సు పేరు పెట్టెపై వేసియుండిన, మా అనుమతి యున్నట్లు జనులను భ్రమపెట్టినారని అదే ఫాక్సు దావా వేసి యుండవచ్చును.

ఇంకను ఎవరి పేరు చెప్పవలెను? ధారావాహికను తీసినది ఫాక్సు కాదు, టైం సంస్థ. టైం సంస్థ తీసినదియు కొంతయే. అందులోని యుద్ధదృశ్యములు అమెరికా సైన్యము, నౌకాదళము, తీరరక్షక దళము, బ్రిటిషు ప్రభుత్వ శాఖలు, కెనడా చిత్రసంస్థ తీయించినవి. మరికొన్ని వార్తాచిత్రముల ఛాయాగ్రాహకులవి, వారి పేర్లు ఎవరికిని తెలియవు. ఇటువంటి కృతికి మూలము వెదకుట నైలు నదికి, దాని ఉపనదులన్నిటికి పుట్టుచోటు వెదకుట వంటిదని న్యాయమూర్తి చమత్కరించిరి.

న్యాయశాస్త్రము దృష్ట్యా ఈ తీర్పులో తప్పెన్నుట కష్టము. కాని నైలు నదికి పుట్టుచోటు దొరకదను కారణమున దానికి కాలువ త్రవ్వినవాని పేరు పెట్టుట ధర్మమగునా? పేరు చెప్పకుండుట ఒకటి, తన పేరు వ్రాసికొనుట ఇంకొకటి. యుద్ధభూమిలో తుపాకులకు ఎదురుగా కెమెరా పట్టుకొని నిలిచినవాని దృశ్యమునకు, 50 ఏండ్ల తరువాత నీడపట్టున కూర్చుండి కత్తిరించి అతికించిన ఉద్యోగి నిర్మాతయగుట ఎట్లు? డాస్టార్ అమ్మిన చౌక వెలను మెచ్చుకొనవచ్చును, పేర్ల పట్టికను మెచ్చుకొనజాలము. ఫాక్సువారును ఆ కెమెరా పట్టిన వారికొరకు కోర్టుకెక్కలేదను మాటయు మరువరాదు. భారత చట్టములోని 57వ సెక్షను ఈ విషయమున కొంత మేలు. హక్కును పూర్తిగా అమ్ముకొన్న రచయితకు సైతము తన కృతి తనదని చెప్పుకొను అధికారము అది మిగిల్చినది.

సుప్రీంకోర్టులో గెలిచిన డాస్టార్ చివరకు గట్టెక్కినదా? లేదు. గ్రంథము సంగతి మిగిలియుండెను గదా. తోపు క్రింది నేల ఇక్కడ మరల వచ్చినది. ధారావాహికలోని వ్యాఖ్యానము ఐసెన్‌హోవరు గ్రంథమునుండి తీసినది. ఆ గ్రంథముపై రెండవ గడువు డబుల్‌డేకు చెల్లునా చెల్లదా అను ప్రశ్నపై అంతయు ఆధారపడెను. ప్రచురణకర్త తానై పూనుకొని, తన ఖర్చుతో వ్రాయించుకొన్న గ్రంథమైనచో చెల్లును. జనరలు తానై వ్రాసి అమ్మినదైనచో చెల్లదు. ఐసెన్‌హోవరు పుస్తకమునకై 6,35,000 డాలర్లు ఏకమొత్తముగా తీసికొనెను. అమ్మినకొలది భాగము తీసికొను రచయితవలె గాక, ఆస్తి నమ్మినవానివలె పన్ను కట్టెను. అందువలన ఆయనకు పన్ను తగ్గెను. అట్లు సొంత ఆస్తిగా అమ్మిన గ్రంథమే, అర్ధశతాబ్దము పిదప, మేస్త్రి కట్టిన గోడవలె కట్టించినవానిదని తేలినది. ప్రోద్బలము, ఖర్చు డబుల్‌డేవే గనుక రెండవ గడువు చెల్లునని 2005లో అప్పీలు కోర్టు స్థిరపరచెను. డాస్టార్ ఓడెను. ఆ గ్రంథముపై హక్కు 2043 చివరివరకు నిలుచును.

ఇంతలో చెరువునకు క్రొత్తనీరు వచ్చుటయే ఆగిపోయి యుండెను. 1998లో అమెరికా శాసనసభ గడువులను ఇంకొక 20 ఏండ్లు పెంచినది. 1923లో ప్రకటితములైన కృతులు 2019 జనవరి 1న గాని బయటపడలేదు.

తెలుగునాటను ఇట్టి లెక్కలు వచ్చుచున్నవి. కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘మాయాబజార్’ 1957 నాటిది. చిత్రముగా దాని 60 ఏండ్లు 2017తో నిండినవి. కాని మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో గతించిరి; రచనగా వానిని లెక్కించినచో గడువు 2031 చివరికి పోవును. 2010లో రంగులద్ది విడుదలచేసిన ప్రతిపై వేరు హక్కు చెప్పువారును ఉండవచ్చును. చెట్టు, నేల, చెట్టుకు వేసిన సున్నము – మూడింటికి మూడు లెక్కలు. ఇందులో ఏది ఎంతవరకు నిలుచునో న్యాయవాదులు తేల్చవలసినదే.

గ్రంథాలయములు పాత చిత్రముల డిస్కులను, పాటల సంపుటములను చౌకగా కొనునప్పుడు ఇంతటి విచారణ చేయజాలవు. కాని దఖలు పుస్తకములో వ్రాయునపుడు ఒక పని చేయవచ్చును. పెట్టెమీద వర్తకుడు వేసిన పేరును గాక, చిత్రము మొదట ఏ పేరుతో, ఏ సంవత్సరమున వెలువడినదో కనుగొని అదే పేరుతో దఖలు చేయవలెను. వర్తకుని పేరును, అతడు పెట్టిన కొత్త పేరును ప్రక్క గడిలో వ్రాయవలెను. దర్శకుని, రచయితను, సంగీతకర్తను, ఛాయాగ్రాహకుని తెలిసినంతవరకు చేర్చవలెను. తెలియనిచోట ‘తెలియదు’ అని వ్రాసి గడిని ఖాళీగా నుంచవలెను. ఇరువది యైదు సంవత్సరములుగా కార్డులు వ్రాయుచున్న చేతులకు ఇది కష్టమైన పని కాదు. ఎప్పుడో ఒకనాడు ఏ పాఠకుడో ఆ పేరు తెలిసి వచ్చి చెప్పినచో వ్రాయుటకు చోటుండును.